నీలం ఇంకులో రాసిన మన టైం

ఆ బుధవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి మా ఆఫీసులో ఎర్ర ఇంకు అయిపోయింది.

టైం అంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడగొచ్చు. సీసా తలకిందులు చేసి చూసి గురువుగారు "కొట్టు తీసుంటాడంటావా?" అన్నారు. నేను గోడ గడియారం చూసి "తొమ్మిదీ ఇరవై అయిందండి, తీసే ఉంటాడు" అన్నాను. ఆ రోజు మేం పలికిన టైముల్లో ఈనాటికీ నాకు నమ్మకం ఉన్నది అదొక్కటే.

ఎనభైల మొదట్లో మాట. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్టు మేడ మీద మా ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. కొట్టూ ఆఫీసూ ఒకే షావుకారుగారివి. రెండు బల్లలు, ఒక టెలిఫోను, గోడకి ప్రపంచ పటం, ఒక గడియారం. పనిచేసేవాళ్ళం ఇద్దరం, నేనూ గురువుగారూ. గురువుగారంటే నాకు బళ్ళో చదువు చెప్పినవారు కాదు. రైల్వే ఎంక్వైరీలో ముప్ఫయ్యేళ్ళు కూర్చుని రిటైరైన మనిషి. ఇంట్లో పొద్దుపోక మా దగ్గర చేరారు. నాకు పని నేర్పారు కాబట్టి అలా పిలిచేవాణ్ణి. తర్వాత షావుకారుగారు కూడా అలాగే పిలిచేవారు.

మొగల్తూరు వైపు నుంచీ, కోనసీమ నుంచీ ఆడవాళ్ళు వంటపనికీ, మగవాళ్ళు తాపీపనికీ కువైట్ వెళ్తున్న రోజులవి. టికెట్లు బొంబాయిలో ఒక ఏజెంటు తయారుచేసేవాడు. మేం కాగితాలు పంపడం, టెలిగ్రాములు అందుకోవడం, వచ్చినవాళ్ళకి జవాబులు చెప్పడం. అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంత దూరం? ఎంతసేపు?

గురువుగారు లేచి పటం మీద దారం పెట్టి కొలిచి చూపించేవారు. కువైట్ నుంచి బొంబాయికి పదిహేడు వందల మైళ్ళు, కాస్త అటూ ఇటూగా. విమానంలో నాలుగు గంటలు. అంతవరకూ అందరూ ఒప్పుకునేవారు. తర్వాత కాగితం చూసి అడిగేవారు: "ఎనిమిదింటికి ఎక్కి రెండున్నరకి దిగుతాదని ఉంది కదండీ? ఆరున్నర గంటలు కదా మరి?"

గంటలు నాలుగే. మిగతా రెండున్నర గడియారాల తేడా. వాళ్ళకి ఎనిమిదైనప్పుడు మనకి పదిన్నర. ఇది చెప్తే కొందరు తలూపేవారు. కొందరు మేమేదో దాస్తున్నామన్నట్టు చూసేవారు.

నిజానికి గురువుగారికే ఇది నచ్చేది కాదు. "నా సర్వీసంతా దేశానికి ఒకటే టైమోయ్. ఎక్కిన టైం దిగిన టైములోంచి తీసేస్తే ప్రయాణం ఎంతో వచ్చేసేది. ఇదేంటి, మనిషి దిగేసరికి గడియారం మారిపోవడం!" అనేవారు. ఆఫీసులో కువైట్ టైముకి ఇంకో గడియారం పెడదామని నేను ఒకసారి అడిగాను. షావుకారుగారు ఒప్పుకోలేదు. "ఒకే గోడకి రెండు టైములుంటే, వీళ్ళకి గడియారం బాగుచేయించుకునే దిక్కు లేదనుకుంటారయ్యా జనం" అన్నారు.

అందుకని గురువుగారు ఒక పద్ధతి పెట్టారు. ప్రయాణం మొత్తం వాళ్ళ గడియారం ప్రకారం నీలం ఇంకుతో ఒక వరుస. దాని కింద మన గడియారం ప్రకారం ఎర్ర ఇంకుతో ఇంకో వరుస. నీలంలో ఎనిమిది నుంచి పన్నెండు. ఎరుపులో పదిన్నర నుంచి రెండున్నర. ఏ వరుసలో తీసివేత చేసినా నాలుగే. ఇంట్లోవాళ్ళు ఎరుపు చూసుకోవాలి, ప్రయాణం చేసేవాళ్ళు నీలం చూసుకోవాలి. మూడేళ్ళు ఒక్క ఫిర్యాదు రాలేదు. అక్షరం రాని ముసలమ్మలు కూడా చీటీ పట్టుకొచ్చి "ఎర్రది చెప్పు బాబూ" అనేవారు. నాకు అలవాటు ఎంతగా పట్టేసిందంటే, అంకె చూసేముందు రంగు చూసేవాణ్ణి.

మొగల్తూరుకి చెందిన ఒకామె అప్పుడు కువైట్‌లో ఒకరింట్లో వంటచేసేది. మా ఆఫీసు ద్వారానే వెళ్ళింది. తల్లికి జబ్బు ముదిరిందని ఆమె తమ్ముడు మాతోనే టెలిగ్రాం ఇప్పించాడు. ఆ ఇంటివాళ్ళు సెలవిచ్చి టికెట్టు కూడా కొన్నారు. మంగళవారం సాయంత్రం జవాబొచ్చింది. విమానం నంబరు, బుధవారం అన్న మాట, అంతే. బుధవారం ఉదయం తొమ్మిదింటికి గురువుగారు బొంబాయి ఏజెంటుకి ట్రంకాల్ చేశారు. లైనంతా గరగర. చెవికి రిసీవరు అదిమిపెట్టుకుని రెండు సార్లు గట్టిగా అడిగి, ఫోను పెట్టేసి, చీటీ మీద రాయడానికి ఎర్ర కలం ముంచారు. ఇంకు లేదు. నీలం కలంతో 10.30 – 2.30 అని ఒక్క వరుస రాసి, చొక్కా సర్దుకుని, ఇంకు తేవడానికి బయల్దేరారు.

మెట్ల దగ్గర ఆగి ఏదో అన్నారు. కింద కొట్లో తానులు దులుపుతున్నారు. నేను "అలాగేనండి" అన్నాను.

పది కావస్తుండగా ఆమె తమ్ముడు వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళుంటాయి. నరసాపురంలో చేపల ఐసు ఫ్యాక్టరీలో పని. నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా యమ్మ పోయిందండి, తెల్లారగట్ట."

నేను లేచాను. కుర్చీ అతని వైపు జరిపాను.

"అక్కకి తెలీదండి. బయల్దేరిపోయుంటాది కదండీ ఈపాటికి?"

"ఇవాళే బయల్దేరుతుందయ్యా."

"ఇంటికెప్పటికొస్తాదో చెప్పండి. రేపు పొద్దున్నకైతే ఉంచుతాను. ఐసు సంగతి నాకు తెలుసండి. నాలుగు పెద్ద దిమ్మలు చెప్పొచ్చాను, కింద ఊక పోస్తే రేపటిదాకా ఆగుతాది. ఎల్లుండంటే మాత్రం ఈ రోహిణి ఎండల్లో..." ఆగాడు. "మా యమ్మండి. చేప కాదు కదండీ."

నేను చీటీ తీశాను. నీలం వరుస. కువైట్ టైం. రెండున్నరకి దిగితే మనకి ఐదు. బొంబాయి నుంచి హైదరాబాదుకి సాయంత్రం విమానం అయిదున్నరకి. ఐదింటికి దిగిన మనిషి సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, అది అందుకోవడం కల్ల. మర్నాడు ఉదయం విమానంలో రావాలి. హైదరాబాదులో దిగేసరికి పగటి బండి వెళ్ళిపోయి ఉంటుంది. గురువారం రాత్రి బండెక్కి, శుక్రవారం ఉదయం నరసాపురం. అక్కడికి మొగల్తూరు దగ్గరే.

రెండు సార్లు లెక్క వేశాను. రెండు సార్లూ శుక్రవారమే వచ్చింది. లెక్కలో తప్పు లేదు.

"శుక్రవారం పొద్దున్నండి" అన్నాను.

అతను కాసేపు పటం వైపు చూశాడు. "దారిలో ఏదైనా కలిసొచ్చి ముందే వచ్చే వీలుంటాదాండి?"

"ఉండదయ్యా."

"ఓ ముక్క రాసిస్తారాండి? మా మేనమామలు నా మాట నమ్మరు. అక్క కోసం ఉంచలేదని రేపు నన్నంటారు."

ఒక కార్డు మీద రాసిచ్చాను. సంతకం కూడా పెట్టాను. "ఆయ్, వెళ్ళొస్తానండి. పదింపావుకి బస్సుంది" అని దిగిపోయాడు.

పదీ నలభైకి గురువుగారు ఇంకు సీసా న్యూస్‌పేపర్లో చుట్టుకుని వచ్చారు. రెండు కొట్లు తిరగాల్సి వచ్చిందట.

"ఎవరైనా వచ్చారా?"

చెప్పాను. తల్లి పోయిందనగానే కళ్ళు మూసుకున్నారు. శుక్రవారమని చెప్పానంటే తెరిచారు.

"శుక్రవారమేంటోయ్? రేపు పొద్దున్న కదా."

"ఐదింటికి దిగితే సాయంత్రం విమానం ఎలా అందుతుందండీ?"

"ఐదేంటి? రెండున్నరకి దిగుతుంది."

"నీలంలో రాశారు కదండీ."

"ఇంకు లేక నీలంలో రాశాను. మన టైమని చెప్పాను కదా, మెట్ల దగ్గర."

మెట్ల దగ్గర ఏదో అన్నారు, నిజమే. ఏమన్నారో ఎంత తవ్వినా రాలేదు. తానులు దులుపుతున్న చప్పుడు మాత్రం వస్తోంది.

కింద బజార్లోకి పరిగెత్తి రిక్షా ఎక్కి బస్టాండుకి వెళ్ళాను. పదింపావు బస్సు ఆ రోజు సరిగ్గా పదింపావుకే వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి గురువుగారు చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. ముఖం మారిపోయి ఉంది.

"ఒక్క ముక్క చెప్పవోయ్. వాడు ఫోన్లో రెండున్నర అన్నాడు. అది ఏ రెండున్నర?"

"మీరే కదండీ విన్నది."

"విన్నాను. వాడికి మన పద్ధతి తెలుసు. ఒకోసారి మన టైం చెప్తాడు, ఒకోసారి వాళ్ళది చెప్పి మీరు మార్చుకోండంటాడు. నేను అడిగాను కూడా. ఏదో అన్నాడు. మన టైమన్నాడనే అనుకుని రాశాను. ఇప్పుడీ నీలం చూస్తుంటే..."

అక్కడి నుంచి నేను సరిగ్గా చెప్పలేను. ఆ రెండు మూడు గంటలు ఇప్పటికీ నాలో వరుసలో లేవు. విమానాల పుస్తకం తీశాం. అది కిందటి చలికాలంది. అందులో ఆ నంబరు విమానం తొమ్మిదింపావుకి బయల్దేరుతోంది. అది ఎనిమిదితోనూ కలవదు, పదిన్నరతోనూ కలవదు. గురువుగారు లేచి మళ్ళీ దారం పెట్టి కొలిచారు. పదిహేడు వందల మైళ్ళే. నాలుగు గంటలే. దూరం తెలుసు, ప్రయాణం ఎంతసేపో తెలుసు. మేం ఇన్నేళ్ళుగా జనానికి చెప్పిన రెండు జవాబులూ సరిగ్గానే ఉన్నాయి. మాకు కావలసింది మూడోది, ఆ రెండున్నర ఎవరి గడియారంలోదని.

షావుకారుగారు పైకి వచ్చారు. అంతా విని, "విమానం ఇటు వస్తోందంటే సూర్యుడికి ఎదురొస్తున్నట్టే కదా? అప్పుడు టైం తగ్గాలి. పన్నెండింటికే దిగుతుంది" అన్నారు. ఆయన తమాషాకి అనలేదు. ఒక నిమిషం మేమిద్దరం అది కూడా నిజమేనేమోనని ఆలోచించాం.

"కారుందయ్యా కింద. వెళ్ళి చెప్పొస్తారా?" అన్నారు.

నేను లేచాను.

"వెళ్ళి ఏమని చెప్తావు?" అన్నారు మళ్ళీ ఆయనే.

ఆ ప్రశ్న దగ్గర కూర్చుండిపోయాను. రేపు వస్తుంది ఉంచండని చెప్పి, ఆమె రాకపోతే? తల్లిని ఐసు మీద పెట్టుకుని ఆ ఇల్లు శుక్రవారం దాకా చూస్తూ కూర్చోవాలి. చేప కాదు కదండీ అన్న మాట చెవిలో ఉంది. తెలియదని చెప్పడానికి వెళ్ళొచ్చు. మాకు తెలియట్లేదు, మీరే ఆలోచించుకోండని చెప్పొచ్చు. అది కూడా ఒక జవాబేనని నాకు అప్పుడు తోచలేదు. జవాబు చెప్పడం మా ఉద్యోగం. జవాబు లేకుండా కారెక్కాలంటే సిగ్గేసింది.

బొంబాయికి అర్జంటు కాల్ బుక్ చేసి కూర్చున్నాం. రెండూ పదికి కలిసింది. గురువుగారు నాకిచ్చారు రిసీవరు. "నువ్వు విను. నా చెవి మీద నాకు నమ్మకం లేదు."

విమానం ఇంకో ఇరవై నిమిషాల్లో దిగుతోందన్నాడు ఏజెంటు. మన రెండున్నరకే. "పొద్దున్న చెప్పాను కదా సార్" అని కూడా అన్నాడు.

మొగల్తూరు పోస్టాఫీసుకి కాల్ బుక్ చేసి గురువుగారు ఫోను దగ్గరే ఉండిపోయారు. నేను కారులో బయల్దేరాను. బ్రిడ్జి దాటి, కొవ్వూరు, నిడదవోలు, తణుకు. డ్రైవరు వేగంగానే నడిపాడు. పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీద ఒక గడ్డి బండి అడ్డం పడితే, దిగి నేనూ నాలుగు మోపులు పక్కకి లాగాను. ఐదున్నర దాటాక చేరాను.

పోస్టాఫీసు కాల్ నాలుగూ నలభైకి కలిసిందట. నాలుగింటికే తీసుకెళ్ళిపోయారు.

ఆ ఇంటి పంచలో గోడవారగా ఐసు దిమ్మలున్నాయి. నాలుగూ. కింద ఊక, పైన గోనెపట్టా. నీళ్ళు కారి వాకిట్లో మడుగు కట్టాయి. ఇద్దరు ముసలివాళ్ళు దానికి దూరంగా కూర్చుని ఉన్నారు. అతను తడిబట్టలతో వచ్చాడు.

"రేపే వస్తుందయ్యా మీ అక్క. పొద్దున్నకి."

అతను నా వంక చూశాడు. గూట్లో పెట్టిన కార్డు తీసి చూసుకున్నాడు. నా సంతకం దాకా చూశాడు.

"ఇందులో శుక్రవారం అనుందండి."

"తప్పు రాశాం."

"ఆయ్" అన్నాడు. మళ్ళీ "ఆయ్" అన్నాడు. తర్వాత గోనెపట్టా తీసి పక్కన పడేశాడు. ఎండ పోయింది గానీ వేడి తగ్గలేదు. ఒక ముసలాయన "వచ్చినాయన్ని కూచోమనరా" అన్నాడు. నేను కూర్చోలేదు. కారు తిరిగి పంపాలన్న వంకతో వచ్చేశాను. ఉండి ఉంటే, మర్నాడు ఆమె వచ్చినప్పుడు చెప్పడం అతనికి తప్పేది.

పెద్దకర్మ అయ్యాక, తిరుగు ప్రయాణం కాగితాల కోసం అక్కా తమ్ముడూ వచ్చారు. ఆమె సన్నటి మనిషి. చేతికి పెద్ద గడియారం, మగవాళ్ళది. గురువుగారు లేచి నిలబడ్డారు.

"తప్పు నాదమ్మా. ఎర్ర ఇంకుతో రాయాల్సింది నీలంతో రాశాను" అన్నారు.

నేను నోరు తెరవలేదు. దీనికి కారణం భయం కాదని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు భయమేననుకుంటున్నాను.

ఆమె ఇంకు సంగతి పట్టించుకోలేదు. గడియారం విప్పి బల్ల మీద పెట్టింది.

"ఇది కువైట్ టైమేనండి. వచ్చాక మార్చలేదు. మళ్ళీ వెళ్ళాలి కదా అని. అమ్మని నాలుగింటికి తీసుకెళ్ళారంటున్నారు. నాలుగంటే ఇందులో ఎంతండి?"

గురువుగారు నా వంక చూశారు. ఆయన చెప్పలేరని అర్థమైంది.

"ఒకటిన్నరమ్మా" అన్నాను.

ఆమె లెక్క చూసుకుంటున్నట్టు పెదవులు కదిపింది.

"ఒకటిన్నరకి బొంబాయిలో కుర్చీలో కూచున్నానండి, రెండో విమానం కోసం. పక్కనావిడ బిస్కట్టిస్తే తిన్నాను. రేపీపాటికి అమ్మకి జావ కాచి పోస్తాననుకుంటున్నాను. నాకేం తెలియలేదండి. తెలుస్తాదంటారు కదా?"

తమ్ముడు "ఊరుకో అక్కా" అన్నాడు. ఆమె గడియారం మళ్ళీ కట్టుకుంది. గురువుగారు తిరుగు ప్రయాణం చీటీ రాసిచ్చారు, రెండు రంగుల్లోనూ. ఎరుపు వరుస వంకరగా వచ్చింది. చింపి మళ్ళీ రాశారు.

ఆయన తర్వాత మా ఆఫీసులో ఆరేళ్ళు పనిచేశారు. ఎర్ర ఇంకు ఎప్పుడూ రెండు సీసాలు ఉంచేవారు. ఆ సంగతి ఎవరిముందూ ఎత్తేవారు కాదు, నా ముందు తప్ప. ఏ పనీ లేని మధ్యాహ్నం, సగం రాస్తున్న చీటీ ఆపి, "ఆ వేళ మెట్ల దగ్గర చెప్పానంటావా, చెప్పలేదంటావా?" అని అడిగేవారు. "గుర్తు లేదండి" అనేవాణ్ణి. అది నిజం. "నాకు చెప్పినట్టే ఉంటుందోయ్. ఒకోసారి, చెప్దామనుకుని దిగిపోయినట్టూ ఉంటుంది" అనేవారు. నేను ఆ సంభాషణ తప్పించుకోవడానికి ఫైళ్ళు వెతికేవాణ్ణి.

చివరికి ఆయన రాజమండ్రిలోనే ఆసుపత్రిలో పడ్డారు. చూడ్డానికి వెళ్తే మంచం పక్కన బల్ల మీద చేతిగడియారం ఉంది, ఆగిపోయి. కీ ఇవ్వబోతే వద్దన్నారు. కాసేపటికి మళ్ళీ అడిగారు.

"చెప్పానా?"

"చెప్పారండి. నేనే వినిపించుకోలేదు" అన్నాను.

ఆయన చాలాసేపు నా ముఖం చూశారు. నమ్మారో లేదో తెలియదు. "అయితే సరే" అన్నారు. నాలుగో రోజు పోయారు.

ఈ మధ్య ఇదే పనిలో ఉన్న పిల్లలు కొందరు, మీ రోజుల్లో కంప్యూటర్లు లేకుండా టైములు ఎలా చూసేవారండీ అని అడిగారు. వాళ్ళకోసం రాద్దామని మొదలుపెట్టాను. పద్ధతి గురించి రాయాల్సినంత లేదు. ఆసుపత్రిలో నేను చెప్పింది అబద్ధమో కాదో మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఆయన నిజంగానే చెప్పి ఉండొచ్చు. నేను "అలాగేనండి" అన్నది ఆ మాటకే అయి ఉండొచ్చు. ఆ మెట్లు గుర్తొచ్చినప్పుడల్లా ఆయన పెదవులు కదలడం కనిపిస్తుంది, తానుల చప్పుడు వినిపిస్తుంది.

ఇప్పుడు టికెట్టు మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే అచ్చువేసి వస్తుంది. రెండు రంగుల్లో ఎవరూ చీటీలు రాయడం లేదు.